పీటల మీద కూర్చున్న స్థలాలు

1998 నవంబరు 8, ఆదివారం. హఫీజ్‌పేటలో మా ఇంటి ముందుగది.

హాజరైనవారు: మా అన్నగారి అమ్మాయి. ఆమె తమ్ముడు. ఆమె భర్త. భర్తకు అక్క. రెండు కుటుంబాలకూ కావలసిన పెద్దమనిషి ఒకాయన, మా అనంతపురం వైపు నుంచే వచ్చి ఇక్కడ కాంట్రాక్టులు చేసి మానుకున్నవాడు. అందరూ పెద్దాయన అనే పిలుస్తారు. నేను. మా ఆవిడ వంటగదిలో ఉంది. అమ్మాయి కూతురిని, మూడో తరగతి పిల్లను, టీవీ చూసుకొమ్మని పక్కింటికి పంపాము.

విద్యుత్ బోర్డు స్టోర్సులో పనిచేసినన్నాళ్ళూ ఏ సమావేశమైనా ముందు వచ్చినవాళ్ళెవరో రాసుకొని, ఆ తర్వాత విషయం రాసుకునేవాణ్ణి. ఆ ఆదివారం డైరీలోనూ అలాగే మొదలుపెట్టాను. ఇప్పుడు పేర్లు తీసేసి మిగతాది రాస్తున్నాను.

అమ్మాయీ, ఆమె భర్తా విడిపోవాలనుకున్నారు. ఎందుకన్నది వాళ్ళ సొంత సంగతి, ఇక్కడ రాయను. అప్పటికి ఏడాది పైనుంచి ఆమె, కూతురు మా మేడమీది రెండు గదుల్లో ఉంటున్నారు. ముందు మీలో మీరు ఎవరికేం రావాలో తేల్చుకొని రండి, ఆ తర్వాత కోర్టులో పని సులువు అని ఇరువైపుల వకీళ్ళూ చెప్పారు. అందుకని కూర్చున్నాము.

అమ్మాయి అడిగేది ఒక్కటే. తన పేరున ఒక ఇల్లు. దగ్గర్లోని ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది. ఆ జీతంతో తిండికి లోటు లేదు. కానీ అద్దెకు ఇల్లు అడగడానికి పోతే మొదట "మీ ఆయన ఏం చేస్తాడమ్మా" అని అడిగేవాళ్ళు. నిజం చెబితే, ఆలోచించి చెబుతామనేవాళ్ళు. ఆ ఆలోచన ఎన్నడూ తెగేది కాదు. మా ఇల్లుంది కదా అంటే నవ్వేది.

"నువ్వుండేంత వరకూ ఉంటా చిన్నాయనా. తర్వాత నీ కొడుకులు కోడళ్ళు నన్ను పొమ్మనాల్సిన గతి వాళ్ళకేంటికి?"

ఆమె భర్త ఈ ఊరికి సిమెంటు కంపెనీ ఏజెంటుగా వచ్చాడు. మాదాపూర్‌లో కంప్యూటరు కంపెనీల కోసం ఆ గుండ్రటి మేడ పునాదులు పడ్డప్పటి నుంచి సిమెంటు వదిలి స్థలాల్లోకి దిగాడు. అప్పటిదాకా గొర్రెలు కూడా మేయని బండలను గజాల్లెక్కన అమ్మడం ఆ రెండు మూడేళ్ళలోనే మొదలైంది. పాత కారు పోయి కొత్తది వచ్చింది, మళ్ళీ పాతదే వచ్చింది. విడిపోదామన్న మాట పుట్టాక ఆఫీసులో బల్లలు తగ్గాయి, గోడమీది పెద్ద మ్యాపు కనబడకుండా పోయింది.

పెద్దాయన కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, "చెప్పు నాయనా. ఏముండాది, ఏం లేదు?" అన్నాడు.

అతను చొక్కా జేబులోంచి కాగితం తీసి చదివాడు. మియాపూర్‌లో అపార్టుమెంటు, దానిమీద బ్యాంకు అప్పు. ఒక మారుతి కారు. వ్యాపారంలో ఇరుక్కున్న డబ్బు, చేతిబదుళ్ళు. అన్నీ పోగా ఆమెకు రెండు లక్షలు ఇవ్వగలనన్నాడు. ఆమె బంగారం ఆమెకు తిరిగి ఇచ్చేస్తానన్నాడు.

"ఇంతేనా?"

"ఇంతే పెద్దాయనా. నా పేరున ఇంకో గజం ఉంటే చూపియ్యమనండి. రాసిచ్చేసి పోతా."

అమ్మాయి తమ్ముడు అప్పటిదాకా ఓర్చుకున్నాడు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తూ ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజులు. "బావా, పుప్పాలగూడ స్థలమేమైంది? కొండాపూర్‌ది ఏమైంది?" అన్నాడు.

"యాడ విన్నావబ్బా?"

"ఊరంతా అనుకుంటాండారు."

"ఊరిని పిలుచుకొని రా, సాక్ష్యం చెప్తాది. కంప్యూటరు నేర్చుకుంటాండావు గదా, అందులో కొట్టి చూడు, నా ఆస్తులు బయటపడతాయేమో."

పెద్దాయన నవ్వాడు. నిజం చెప్పాలంటే నాకూ నవ్వు వచ్చినంత పనైంది. అబ్బాయి అప్పటికే రిజిస్ట్రారు ఆఫీసులో డబ్బు కట్టి వెతికించాడు. ఎక్కడా బావ పేరు లేదు. ఉండదు. ఆ రోజుల్లో ఇక్కడ స్థలాలు కొనేవాళ్ళు డ్రైవరు పేరునో, దూరపు చుట్టం పేరునో కాగితాలు రాయించి, వాళ్ళ దగ్గర అధికారపత్రం తీసుకొని పెట్టెలో దాచుకునేవాళ్ళు. అది అందరికీ తెలిసిన పద్ధతే. తెలిసినంత మాత్రాన రుజువు కాదు.

పెద్దాయన మా ఊరి పద్ధతిలోకి వచ్చాడు. "అట్లయితే దీపం ముట్టించమను. దీపం ముందర చెప్పు నాయనా, అంతటితో తేలిపోతాది" అన్నాడు.

"ఇప్పుడే చెప్తా" అని అతను లేచాడు. తొట్రుపాటేమీ లేదు. తన పేరున గజం లేదన్నది అక్షరాలా నిజం కదా.

అప్పుడు అమ్మాయి నడిమింటి గడప దాటి వచ్చింది. అంతసేపూ తలుపు పక్కన నిలబడి వింటూనే ఉంది.

"పెద్దాయనా, దీపం వద్దు. ఆయన దీపం ముందర అబద్ధం చెప్పడు. అదే నేను చెప్పాలనుకుంటాండేది."

"ఏందమ్మా నువ్వనేది?"

"పుప్పాలగూడలో బోరు వేసేటప్పుడు పూజకు నన్ను పీటల మీద కూర్చోబెట్టినాడు. అప్పుడు బిడ్డ ఒకటో తరగతి. బండలో పడి బోరు పొడి లేచి, నా పట్టుచీర తెల్లగా అయిపోయింది. ఎవరిది ఈ స్థలమని అడిగితే స్నేహితునిది, వాళ్ళు ఊర్లో లేరు, మనల్ని చేయమన్నారన్నాడు. కొండాపూర్‌లో ప్రహరీగోడకు ముగ్గు పోసిన దినం నాకు జ్వరం. వంగలేకపోతాండానంటే కూడా లేపుకపోయి కూర్చోబెట్టినాడు. మియాపూర్ రోడ్డులో చింతచెట్టు కొట్టేసిన జాగాలో ఒకసారి. మాదాపూర్‌లో ఆ గుండు మేడ వెనకాల ఒకసారి, పోయిన సంవత్సరం, నేను ఇంట్లోనుంచి వచ్చేసే ముందర. నాలుగు చోట్లా పంతులు గోత్రం అడిగినాడు. నాలుగు చోట్లా ఈయన తన గోత్రమే చెప్పినాడు. తన పేరు, నా పేరు, బిడ్డ పేరు. ఒక్క దినం కూడా ఆ స్నేహితుని గోత్రం చెప్పలేదు."

ఆమె అతని వైపే తిరిగి అడిగింది.

"నేను అడిగినాను కూడా. పరాయివాళ్ళ స్థలానికి మన గోత్రం ఎందుకని. పుణ్యం ఎందుకు పోగొట్టుకోవాలన్నావు. గుర్తుండాదా?"

అతను కూర్చున్నాడు. కాగితాన్ని మడిచాడు. మడిచిందాన్ని మళ్ళీ మడిచాడు.

నాకు స్టోర్సులో ఏటేటా జరిగే తనిఖీ గుర్తొచ్చింది. పుస్తకంలో లేని సరుకు గోదాములో కనబడితే, తక్కువ పడినదానికంటే అదే పెద్ద గొడవ. ఎక్కడినుంచి వచ్చిందో ఎవడో ఒకడు చెప్పాలి. ఈ మనిషి ఎంత జాగ్రత్త పడ్డాడు! సంతకం ఒకరిది, చెక్కు ఒకరిది, పాసుపుస్తకం ఒకరిది. కానీ పక్కన పెళ్ళాం లేకుండా భూమిమీద గడ్డపార వేస్తే కలిసిరాదన్న నమ్మకం చిన్నప్పటినుంచీ ఒంట్లో ఉంది. ఇంకొకడి గోత్రం చెబితే ఫలితం ఆ ఇంకొకడికి పోతుందన్న భయమూ ఉంది. ప్రభుత్వానికి దొరకకుండా దాచినవాడు దేవుడి దగ్గర మాత్రం అడ్రసు సరిగ్గా ఇచ్చుకున్నాడు.

మొదట నోరు విప్పింది అతని అక్క. ఆవిడ కార్తీకమాసం ఉపవాసంలో ఉంది, మా ఇంట్లో కాఫీ కూడా ముట్టలేదు.

"ఏమిరా, పరాయివాళ్ళ భూమికి మన గోత్రం చెప్పుకుంటారా యాడైనా?"

"నువ్వు ఊరికే ఉండక్కా. అది పూజ, దస్తావేజు కాదు."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆయనకు ఇద్దరూ కావాలి. ఆ మధ్య తన మనవడికి అతని ద్వారానే ప్లాటు తీసుకున్నాడని నాకు తర్వాత తెలిసింది. "చూడమ్మా, నువ్వు అబద్ధం చెప్తాండావని నేననను. అయితే సంకల్పంలో చెప్పింది కోర్టులో నిలబడదు. జడ్జి పంతుల్ని పిలిపించడు. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుందాం. రెండును మూడు చేయమని నేను చెప్తా."

"నాకు మూడు వద్దు పెద్దాయనా. ఇల్లు కావాల."

"రెండు లక్షలంటే చిన్నదేం కాదమ్మా."

"నాలుగు చోట్ల భూమికి నన్ను దేవుని ముందర ఆస్తిపరురాల్ని చేసినాడు. ఒక్క చోట తలదాచుకునేదానికి నాలుగు గోడలు అడుగుతాండా. ఎక్కువా?"

పెద్దాయన చెప్పులు వేసుకున్నాడు. అతనూ, అతని అక్కా కారెక్కారు. అమ్మాయి పక్కింటికి పోయి కూతుర్ని తెచ్చుకుంది.

ఆ రోజు దీపాలు పెట్టే వేళకు అతని అక్క ఒక్కతే తిరిగొచ్చింది. సందు చివర ఆటో దిగి నడిచి వచ్చింది. మేడమీదికి పోదాం మామా అంటే నేనూ, అమ్మాయి తమ్ముడూ వెంట వెళ్ళాము. చాప మీద కూర్చొని కాసేపు పాప జడ సవరిస్తూ ఉండిపోయి, తర్వాత పాపను కిందికి పంపమంది.

"మేయ్, కోపం పెట్టుకోకుండా విను" అని మొదలుపెట్టింది. "రేపు పొద్దున మాదాపూర్ స్థలంలో శంకుస్థాపన. ఆఫీసుల కోసం ఐదంతస్తులు కడతాండారు. ఆనుకొని ఉన్న తన స్థలం కలిపి ఇచ్చిన ఆ ఊరాయన కూడా భాగస్తుడే, ఇంకా ఇద్దరు డబ్బు పెట్టేవాళ్ళు ఉండారు. పొద్దున రాహుకాలం రాకముందే ముహూర్తం. ఇది తప్పితే మళ్ళీ మార్గశిరం దాకా లేదంట. ఈ లోపల ఆ గుండు మేడ తెరిస్తే ధరలు పెరుగుతాయి, డబ్బు పెట్టేవాళ్ళు వేరే చోటికి పోతారంట."

అబ్బాయి ఎగిరి పడ్డాడు. "పొద్దున గజం లేదన్నాడు. పొద్దుగూకేసరికి ఐదంతస్తులు లేచినాయా?"

"నువ్వు ఆగు అబ్బీ" అన్నాను. ఆవిడ మొహం అప్పటికే చిన్నబోయి ఉంది. తమ్ముడి గుట్టు తనే చెప్పుకోవలసి వచ్చింది.

"ఆ ఊరాయన ఇంట్లోవాళ్ళకు పట్టింపులు ఎక్కువ. దంపతులు కూర్చోకుంటే ఒప్పుకోరు. మీ సంగతి వాళ్ళకు తెలియదు. వీడికేమో... నీకు తెలుసు గదా, నువ్వు పక్కన లేకుండా కొబ్బరికాయ కూడా కొట్టడు. పొద్దున నుంచి అన్నం తినలేదు." ఆవిడ అమ్మాయి చేయి పట్టుకుంది. "నువ్వొచ్చి కూర్చో. ఒక గంట. మియాపూర్ ఇల్లు అప్పు తీర్చి నీ పేరున రాయిస్తానన్నాడు."

అమ్మాయి కోరింది ఇదే. ఏడాదిగా కోరుతున్నది ఇదే.

"రిజిస్ట్రేషను ఎప్పుడు వదినా?"

"ఆఫీసు తెరిచేసరికి పదిన్నర అవుతాది. ముహూర్తం అంతకు ముందే. పూజ అయిపోయినాక నేరుగా పోదాం. నేనుంటా పక్కన."

"ఈ రాత్రి రాసిస్తాడా? తెల్లకాగితం మీదైనా సరే. పెద్దాయన, చిన్నాయన సాక్షి సంతకాలు పెడతారు."

ఆవిడ తల దించుకుంది. "రాత పెట్టడు. ఇల్లు దేనికి ఇస్తాండాడో రాయాల్సి వస్తాది గదా. అది మీ వకీలు చేతికి పోతే... మాట ఇస్తాడు. నేను మాట ఇస్తా."

"నీ మాట మీద నాకు నమ్మకం ఉండాది వదినా. నువ్వు రాయించలేవు."

తమ్ముడు ఆమె దగ్గరకు జరిగి కూర్చున్నాడు. ఎగతాళి అంతా పోయింది వాడి గొంతులో. "అక్కా, పోయి కూర్చో. గంటసేపు. మనకు పోయేదేముండాది? ఇస్తే ఇల్లొస్తాది. ఇయ్యకపోతే ఇప్పుడున్నట్లే ఉంటాం."

మా ఆవిడ కూడా మెట్లమీద నిలబడి అదే అంది. నన్ను అడిగితే నేనూ అదే అనేవాణ్ణేమో. ఆమె అడగలేదు.

"పోయేదేముండాదంటే చెప్తా విను" అంది తమ్ముడితో. "నాలుగుసార్లూ నేను ముందు కూర్చున్నా, నా పేరున ఒక ఇల్లంటే ఆయన తర్వాత చూద్దామన్నాడు. ఈసారి కూడా నేనే ముందు కూర్చోవాల్నంట. ఆయనకు కావాల్సింది నా దగ్గర ఇదొక్కటే మిగిలుండాది. పొద్దున గంటలో అదీ ఇచ్చేస్తే, పదిన్నరకు నేను ఏం పెట్టుకొని అడగల్ల?"

అతని అక్క లేచింది. గడప దగ్గర ఆగి, "పొద్దున కారు పంపుతాడు. రాత్రికి ఆలోచించుకో. పట్టుచీర లేకుంటే నాది ఒకటి పంపిస్తా" అంది.

"ముందు రిజిస్ట్రేషను వదినా. రేపు కాకుంటే మార్గశిరంలో. ఆ దినం పదకొండు గంటలకు ముహూర్తం పెట్టమను, పట్టుచీర కట్టుకొని నేనే వస్తా."

ఆ రాత్రి గురించి రాయడానికి ఏమీ లేదు. మేడమీద దీపం త్వరగానే ఆరింది.

మర్నాడు సోమవారం తెల్లవారుతుండగా కారు వచ్చింది. కొత్తదే, దాచిపెట్టిన కారు. డ్రైవరు చేతిలో ఒక సంచి, అందులో మడత విప్పని ఆకుపచ్చ పట్టుచీర, చామంతిపూలు. అమ్మాయి అప్పటికే బడికి పోయే నూలుచీర కట్టుకొని, పాపకు డబ్బా సర్దుతోంది. సంచిని డ్రైవరు చేతికే తిరిగి ఇచ్చింది.

"చిన్నాయనా, నువ్వు పోయి చెప్పు. ఫోనులో చెప్తే నేను దారిలో ఉండానని ఎదురు చూస్తాడు. ముందు రిజిస్ట్రేషను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు."

నేనొక్కడినే కారెక్కాను. కొండాపూర్ దాటినాక రోడ్డంతా తారు పొగ. పెద్దలెవరో ఢిల్లీ నుంచి వస్తారని పనివాళ్ళు అంత పొద్దున్నే రోడ్డు వేస్తున్నారు. గుండ్రటి మేడ అద్దాలు ఎండకు మెరుస్తున్నాయి. దాని వెనక సందులోకి తిరిగితే షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పక్కన మట్టి తవ్వే యంత్రం, దాని తొండానికి పూలదండ. ఈశాన్యం మూల గుంట తీసి, ముగ్గు వేసి, రెండు పీటలకు పసుపు పూసి పెట్టారు.

అతను పట్టుపంచె కట్టుకొని ఉన్నాడు. కారు ఆగగానే నాలుగడుగులు ఎదురొచ్చి, వెనక సీటులోకి వంగి చూశాడు. నేను తప్ప ఎవరూ లేరు. చీర సంచి మాత్రం ఉంది.

"రాలేదా మామా?"

"ముందు రిజిస్ట్రేషను అని చెప్పమంది."

అతని కళ్ళలో నేను అంతకు ముందెన్నడూ చూడనిది కనబడింది. కోపం కాదు. వట్టి భయం. గుంట వైపు చూశాడు, గడియారం చూసుకున్నాడు. "ఇప్పుడు ఎట్ల మామా, ఇప్పుడు ఎట్ల?" అన్నాడు నాతోనే. ఆ క్షణంలో వకీలును పిలిపించి కాగితం పెట్టి ఉంటే సంతకం చేసేవాడనే ఇప్పటికీ నా నమ్మకం.

స్థలం ఇచ్చిన ఊరాయన వచ్చాడు. తెల్లటి లాల్చీ, భుజం మీద తువ్వాలు. వెనక వాళ్ళింటి ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చొని ఇటే చూస్తున్నారు.

"ఏంది సార్, మేడం రాలే?"

"ఒంట్లో బాగలేదు."

"అరె, గిట్లైతే ఎట్ల సార్? నిన్న చెప్తే అయిపోవు గద. మా అమ్మ ఇప్పటికే అడుగుతున్నది, ఆ పీట మీద ఎవరు కూసుంటరని. ఇగ నేనేం జెప్పాలె? నేనే పోయి కూసుండాల్నా మీ పక్కన కొంగు కప్పుకొని?"

డబ్బు పెట్టేవాళ్ళలో ఒకాయన నవ్వాడు. అతను నవ్వలేదు.

పంతులుగారు కోస్తావైపు మనిషి. హోమానికి సమిధలు సర్దుకుంటూ తలెత్తి, "అమ్మగారు రాలేకపోయారాండీ?" అన్నాడు. "దానికి కంగారెందుకండీ. భార్య జబ్బుపడినా, ఊళ్ళో లేకపోయినా దర్భలతో ముడివేసి ఆవిడ స్థానంలో పెట్టుకోవచ్చు. శాస్త్రం ఒప్పుకుంటుందండి. ఎంతోమందికి చేయించాను."

"నిజంగానా?"

"అయ్యో, అబద్ధమెందుకు చెబుతానండీ?"

"ఫలితం?"

"ఏం లోటుండదు బాబూ. ఆవిడ కూర్చున్నట్టే లెక్క."

ఊరాయన తన ఇంటి ఆడవాళ్ళ దగ్గరకు పోయి చెప్పి వచ్చాడు. "మా అమ్మ సరే అన్నది సార్. పంతులు చెప్పినంక ఇగ ఫికర్ లేదు. జర జల్దీ కానియ్యండి, రాహుకాలం వస్తున్నది."

అతను ఆ రెండో పీట వైపు చాలాసేపు చూశాడు. తర్వాత మొహంలో రక్తం తిరిగొచ్చింది. నడుము నిటారుగా అయింది.

"ఈ మాట ముందే చెప్పుంటే సరిపోయేది గదా స్వామీ" అన్నాడు.

పంతులుగారు దర్భలు ముడివేసి పీటమీద పెట్టాడు. దానిమీద కాస్త పసుపు, కుంకుమ, ఒక పువ్వు. అతని ఉత్తరీయం కొస దానికి తగిలించాడు. గోత్రం అడిగాడు. అతను గట్టిగా చెప్పాడు. నేను షామియానా అంచున నిలబడి మొత్తం విన్నాను. నవధాన్యాలు, రాగిచెంబు, పంచలోహాల ముక్కలు గుంటలో వేశారు. కొబ్బరికాయ ఒక్క దెబ్బకు పగిలింది. ఊరాయన తల్లి చప్పట్లు కొట్టింది. యంత్రం తొండం లేచి మొదటి బొక్కెన మట్టి తీసింది.

అతని అక్క రాలేదు. ఎందుకు రాలేదో నేను అడగలేదు.

ప్రసాదం నా చేతిలో పెడుతూ అతను మెల్లగా, ఎవరికీ వినబడకుండా అన్నాడు. "మామా, మియాపూర్ ఇంటి మాట మర్చిపొమ్మని చెప్పండి. రెండు లక్షలు. వచ్చే ఆదివారం లోపల సంతకం పెడితేనే అది. లేదంటే కోర్టులో చూసుకుందాం, ఎన్నేళ్ళయినా సరే."

కారు అడగలేదు, వాళ్ళూ ఇస్తామనలేదు. కొత్త తారు చెప్పులకు అంటుకుంటుంటే రోడ్డు దాకా నడిచి, బస్సు పట్టుకొని, కొండాపూర్‌లో దిగి, ఆటోలో ఇంటికి చేరాను. అమ్మాయి గేటు దగ్గర పాపతో నిలబడి ఉంది. ఇద్దరికీ ఒకటే బడి, అప్పటికే ఆలస్యమైంది. నాకోసం ఆగారు.

నేను చెప్పాను. దర్భల సంగతి, ఇంటి సంగతి, రెండు లక్షల గడువు సంగతి. ఒక్క మాట వదలకుండా చెప్పాను. తమ్ముడు మెట్లమీదే కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఆమె పాప సంచి పట్టీ సరిచేసింది. "సంకల్పంలో ఏం చెప్పినాడు చిన్నాయనా?"

"అతని గోత్రం. అతని పేరు."

"నాది?"

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ ఆమె నన్ను నమ్మి పంపింది.

"చెప్పినాడమ్మా. ధర్మపత్నీ సమేతస్య అని నీ పేరు చెప్పినాడు. తర్వాత పాప పేరు."

ఆమె తలూపింది. పాప చేయి పట్టుకొని బడి వైపు నడిచింది.